ప్లాన్ వేసి రాయాలా, తోచింది రాసుకుంటూ పోవాలా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. మందుల షాపులో లెక్కలు చూస్తాను, రాత్రి పిల్లలు పడుకున్నాక రాసుకుంటాను. మా తాతయ్య మీద ఒక నవల మొదలుపెట్టాను. ఆయన 1928లో పుట్టారు, నౌపడ–గుణుపూర్ చిన్న రైల్లో పనిచేశారు. 1936లో మా ఊరు ఒడిశాలోకి వెళ్ళినప్పుడు ఆ ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా ఉన్న మనిషి ఏం చూశాడు, ఏం పోగొట్టుకున్నాడు అన్నది కథ. మొదట ఏ ప్లానూ లేకుండా రాశాను. అరవై పేజీలు పరుగెత్తింది, ఆ తర్వాత ఒక్క లైను కదల్లేదు. ఆన్‌లైన్‌లో ఒక రచనల క్లాసులో చేరితే, అధ్యాయాల ప్లాన్ లేనిదే నవల జోలికి వెళ్ళకూడదన్నారు. కూర్చుని ఇరవై రెండు అధ్యాయాలకు ప్లాన్ వేశాను. గ్రూపులో అందరూ చాలా బాగుందన్నారు. ఇప్పుడు దాన్ని చూస్తే రాయబుద్ధే కావడం లేదు. మా ఆయన స్నేహితుడొకరు కథలు రాస్తారు, ఆయనేమో నిజమైన రచయిత ప్లాన్ వెయ్యడు, లోపల్నుంచి రావాలి అంటారు. నేను ఏ రకం? అసలు రచయితనేనా? క్లాసు రెండో విడతకి డబ్బు కట్టమంటున్నారు, కట్టనా? మొదటి పది పేజీలూ, ప్లానూ జతచేశాను. నన్ను మీరు అనకండి, మీ అమ్మాయి వయసుదాన్ని.

సమాధానం: సరేనమ్మా, నువ్వనే అంటాను. నీ ఉత్తరంలో ఒక లెక్క తప్పింది, అదీ లెక్కలు చూసే మనిషి దగ్గర. నీ నవల అరవయ్యో పేజీలో ఆగిపోవడానికి అదే కారణమని నా అనుమానం. అక్కడికి వస్తాను. ముందు ఈ "ఏ రకం" అన్న గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే ఇద్దరు మనుషులు చెరో చెవిలో చెరో మాట ఊదుతున్నారు, ఇద్దరూ చెబుతున్నది సగమే.

ఇది పాత తగువే. అమెరికాలో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ అనే నవలాకారుడు రచయితల్లో ఆర్కిటెక్టులు, తోటమాలులు అని రెండు రకాలున్నారని చెబుతుంటాడు. గది ఎక్కడ, కిటికీ ఎక్కడ అన్నీ ముందే గీసుకునేవాళ్ళు కొందరు, విత్తనం నాటి ఏం మొలుస్తుందో చూసేవాళ్ళు కొందరు. తను రెండో వైపు. స్టీఫెన్ కింగ్ ఇంకా ఘాటుగా, ముందే అల్లి పెట్టుకున్న కథల మీద తనకు నమ్మకం లేదనేశాడు. మనుషుల్ని ఒక చిక్కులో పడేసి, ఎలా బయటపడతారో చూస్తూ రాస్తానంటాడు. అవతలి పక్క జె.కె. రౌలింగ్ హ్యారీ పాటర్ అయిదో పుస్తకానికి చేత్తో గీసుకున్న పట్టిక ఉంది: అధ్యాయం అంకె, నెల, పేరు, అసలు కథ, ఆ పక్కన ఒక్కో ఉపకథకి ఒక్కో నిలువు గడి, ఏ అధ్యాయంలో ఏ ఉపకథ ఎంత దూరం వచ్చిందో అడ్డంగా చదివితే తెలిసిపోతుంది. విలియం ఫాక్నర్ అయితే ఒక నవలకి వారంలో ఏ రోజు ఏం జరుగుతుందో తన గది గోడల మీదే రాసేసుకున్నాడు. మిసిసిపీలో ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఆ రాత ఇంకా గోడ మీదే ఉంది. (మనిళ్ళలో పిల్లలు గోడ మీద ఒక గీత గీస్తేనే వీపు విమానం మోత మోగుతుంది.)

ఇంతవరకు చదివితే రచయితలు రెండు జాతులని నమ్మేస్తాం. కానీ ఒకే మనిషి రెండు పద్ధతుల్లోనూ రాసిన సంగతి చూడు. చార్లెస్ డికెన్స్ 1836లో తన మొదటి నవల నెలకో భాగం చొప్పున అచ్చుకి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, వచ్చే నెల సంగతి వచ్చే నెల చూసుకుందాం అన్నట్టే నడిపించాడు. పదేళ్ళు పోయాక, 1846లో మొదలుపెట్టిన నవల నుంచి, ప్రతి నెల భాగానికీ ఒక కాగితం తీసుకుని దాన్ని రెండుగా విభజించుకోవడం మొదలైంది. కుడివైపు ఆ నెల వచ్చే అధ్యాయాలు, వాటిలో సంగతులు. ఎడమవైపు తనకి తాను వేసుకున్న ప్రశ్నలు: ఫలానావాణ్ణి ఇప్పుడు తీసుకురావాలా, ఫలానా సంగతి బయటపెట్టాలా? పక్కనే జవాబు: అవును, వద్దు, ఇప్పుడే కాదు. ఆ కాగితాలు చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. నాకు వాటిలో ప్రాణం ఆ ఎడమవైపే. మీ క్లాసువాళ్ళు నీకు కుడివైపు ఒక్కటే నేర్పారు.

మన వైపు వచ్చి చూసినా అంతే. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ అక్కడితో వదిలిపెట్టలేదు. 1909లో మళ్ళీ వేసినప్పుడు అది ఇంచుమించు కొత్త నాటకం, ఎంతో పెరిగింది, మధురవాణి మనకి తెలిసిన మధురవాణి అయింది అప్పుడే. ఇవాళ మనం చదివి నవ్వుకునేది ఆ రెండోదాన్నే. మరి మొదటిదాన్ని రచన అనాలా, ప్లాన్ అనాలా? జనం ముందు ఆడించి చూసుకున్న ప్లాన్ అంటాను నేను.

నేను చెప్పేది ఇంతే. ప్లాన్ వేసేవాడు తన మొదటి చిత్తుప్రతిని ప్లాన్‌లోనే, నాలుగు కాగితాల్లో రాసేస్తాడు. తోచింది రాసేవాడు మొదటి చిత్తుప్రతినే ప్లాన్‌గా వాడుకుంటాడు, మూడొందల పేజీలు ఖర్చుపెట్టి. ఈ మనిషికి ఏం కావాలి, ఎవరు అడ్డం, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయాలు ఇద్దరికీ తప్పవు. ఒకడు ముందు తీసుకుంటాడు, ఒకడు రాశాక, తలపట్టుకుని, సగం చింపేసి తీసుకుంటాడు. మీ ఆయన స్నేహితుడికి లోపల్నుంచి వస్తుందంటే సంతోషం, రానీ. వచ్చినదాన్ని ఎన్నిసార్లు తిరగరాశాడో కూడా ఓసారి అడిగి చూడు.

ఆ "లోపల" ఏముందో కూడా చూడాలి కదా. అవధానం ఎప్పుడైనా కూర్చుని చూశావా? ఎదురుగా పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్ళు, ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది (పద్యంలో వాడి తీరాల్సిన మాటలు), నిషిద్ధాక్షరి ఇచ్చినాయన అక్షరం అక్షరానికీ అడ్డుపడుతుంటాడు, అప్రస్తుత ప్రసంగం ఆయన మధ్యలో దూరి కొంటె ప్రశ్నలు వేస్తుంటాడు. అవధాని ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చెప్పుకుంటూ ఆవృత్తి తర్వాత ఆవృత్తి తిరిగి, చివర్లో అన్ని పద్యాలూ వరసగా అప్పజెబుతాడు, చేతిలో కాగితం ముక్క ఉండదు. తిరుపతి వేంకట కవులు దీన్ని వందమంది పృచ్ఛకులతో చేశారు. చూసేవాళ్ళకి అంతా అప్పటికప్పుడు ఊడిపడినట్టే ఉంటుంది. కానీ యతి ఎక్కడ పడాలో, ఉత్పలమాల ఎలా నడుస్తుందో ఆయన ఆలోచించడు, చిన్నప్పట్నుంచీ అదే పని మీద ఉండడం వల్ల అది నోటికి వచ్చేసింది. ప్లాన్ లేకుండా రాసి మెప్పించేవాళ్ళలో చాలామంది సంగతి ఇదే, వాళ్ళు చదివిన కథలు, చింపేసిన కథలు వాళ్ళకి ప్లాన్. అందుకని తోచింది రాస్తే చాలు అన్న సలహా, ఇచ్చేవాడికి పనికొచ్చినట్టు వినేవాడికి పనికిరాదు.

ఇంకోటి కూడా నీకు ఎవరో ఒకరు చెబుతారు, ముందే చెప్పేస్తాను. నవల రాయడం రాత్రిపూట కారు నడపడం లాంటిది, లైటు పడినంత మేరే కనిపిస్తుంది, అయినా అలాగే ఊరు చేరిపోవచ్చు అని ఇ.ఎల్. డాక్టరో అనే అమెరికన్ నవలాకారుడు అన్న మాట. బాగుంది, నిజం కూడా. కానీ రాయగడ నుంచి కోరాపుట్ వైపు ఘాట్ రోడ్డులో రాత్రి బండి నడిపినవాడు ఒకటి అడుగుతాడు: ఆ రోడ్డు ఎవరు వేశారు? లైటు చాలదు, కింద రోడ్డు ఉండాలి. నీ అరవై పేజీల దగ్గర జరిగింది అదే, లైటు బాగానే వెలుగుతోంది, రోడ్డు అయిపోయింది.

ఇప్పుడా లెక్క. 1928లో పుట్టిన తాతయ్యకి 1936 ఏప్రిల్ 1న, ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడిన రోజున, మహా అయితే ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఇంజన్లో బొగ్గు వేసే పని ఎవరూ ఇవ్వరు. ఇది నీకు అరవై పేజీల వరకూ ఎందుకు అడ్డం రాలేదో నీ పది పేజీలు చదివితే తెలిసింది. క్యారేజీ గిన్నె మూతలో పేరుకున్న బొగ్గు నుసి రాశావు. చెయ్యి పైనుంచి కిందికి వచ్చి క్యారేజీ అందుకోవడం, ఆ మోచేతి మీద కాలిన మచ్చ రాశావు. ఇంజన్ దగ్గర నిలబడితే కాళ్ళకింద నేల వెచ్చగా ఉందని రాశావు. ఇవి ఫైర్‌మన్ చూసేవి కావమ్మా. ఫైర్‌మన్ పైన ఉంటాడు, అతనికి కనిపించేది కొలిమి, రైలు పట్టా. ఇవన్నీ కింద నిలబడి, తలెత్తి చూస్తున్న పిల్లాడికి కనిపించేవి. బహుశా తాతయ్య నీకు చెప్పిన కబుర్లలో ఫైర్‌మన్ ఆయన తండ్రి అయి ఉంటాడు, మీ ముత్తాత, ఆ క్యారేజీ పట్టుకెళ్ళినవాడు తాతయ్య. పెద్దయ్యాక ఆయనా అదే రైల్లో చేరాడేమో, 1946కి గానీ ఆయనకి పద్దెనిమిది రావు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే అడుగు.

చూశావా, నీ చెయ్యి సరిగ్గానే రాసింది. నీ తప్పు లెక్కే ఆ పిల్లాణ్ణి పెద్దవాణ్ణి చేసి కూర్చోబెట్టింది. అరవయ్యో పేజీలో 1936 తీసుకొచ్చి ఉంటావు, ఇక్కడ ఉండాలా, పాతపట్నం అవతలికి, మద్రాసు వైపు పోవాలా అని అతన్ని తేల్చుకోమని ఉంటావు. ఎనిమిదేళ్ళవాడు ఏం తేలుస్తాడు, అందుకే నోరు విప్పలేదు. కావాలంటే పుట్టిన సంవత్సరం 1910 చేసెయ్యొచ్చు, నవలే కదా, అడిగేవాడు లేడు. కానీ అప్పుడు ఈ పేజీల్లో ఉన్న చూపంతా మార్చాలి, బాగున్నదాన్ని పారేసి లేనిదాన్ని తెచ్చిపెట్టుకోవడం అవుతుంది. నన్నడిగితే పిల్లాణ్ణే ఉంచు.

ఇక ప్లాన్ సంగతి. తొమ్మిదో అధ్యాయంలో "సరిహద్దు గేటు దగ్గర రైలు ఆపేస్తారు, తాతయ్య ఏడుస్తాడు" అని ఉంది. ఏ గేటు? మద్రాసు రాష్ట్రం, ఒడిశా రాష్ట్రం రెండూ ఒకే బ్రిటిష్ పాలన కింద ఉన్నవే. నౌపడలో బయల్దేరిన బండి టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి రావడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. మారింది వేరే: మద్రాసు వైపు వెళ్ళే కాగితాలు అప్పటి ఒడిశా రాజధాని కటకం వైపు తిరిగాయి, బడిలో, కచేరీలో ఇక ఏం జరుగుతుందోనని పెద్దవాళ్ళు అరుగుల మీద గొంతులు తగ్గించుకుని మాట్లాడుకుని ఉంటారు. ఆ మరుసటి ఏడు మీ ఊరి మహారాజే ఒడిశాకి మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యాడు. గిడుగు రామమూర్తి గారు, అప్పటికి డెబ్బై దాటిన మనిషి, ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పిన ఊరు, ఒడిశా రాష్ట్రం ఏర్పడే ముందురోజు సాయంత్రమే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారని చెబుతారు. క్యారేజీ పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళే పిల్లాడికి ఆ పేరుతో పని లేదు. ఊళ్ళో ఎవరో ముసలాయన వెళ్ళిపోయాడట, నాన్న ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు అన్నంత వరకే వాడికి తెలుస్తుంది. గేటు కన్నా నాకైతే అది ఎక్కువ పనిచేస్తుంది.

అంటే తేదీలకి మాత్రం ప్లాన్ కావాలి. చరిత్ర కలిసిన కథ రాసేవాళ్ళు ఎంత తోటమాలులైనా ఈ ఒక్క విషయంలో గీతలు గీసుకోక తప్పదు, ఎందుకంటే ఏ ఏడు ఏం జరిగిందో మనసు చెప్పదు. ఒక పెద్ద కాగితం తీసుకుని ఒక పక్క సంవత్సరాలు, పక్కన ఇంట్లో ఒక్కొక్కరికీ ఎన్నేళ్ళు, ఆ పక్కన ఊళ్ళో ఏం జరిగింది. రైలు పర్లాకిమిడి వచ్చింది 1900లో, అక్కడ మొదలుపెట్టు, ముత్తాతకి అప్పుడు ఎన్నేళ్ళో రాయి. ఇది నీకు గంట పని, షాపులో ఇంతకన్నా పెద్ద లెక్కలే చూస్తుంటావు.

కథకి మాత్రం ఆ ఇరవై రెండు అధ్యాయాల కాగితం ప్రస్తుతానికి సొరుగులో పెట్టెయ్. అది ఎందుకు చచ్చిపోయిందంటే, దాన్నిండా జరిగేవే ఉన్నాయి: వెళ్తాడు, వస్తాడు, వర్షం పడుతుంది, పెళ్ళవుతుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య "తర్వాత" అని తప్ప ఇంకేమీ పెట్టలేం. దానికి బదులు నీ అరవై పేజీలు పెన్సిలు పట్టుకుని మళ్ళీ చదువు, ఒక్కో సీనుకి ఒక్కటే మాట రాసుకో, ఎవరికి ఏం కావాలి, ఆఖరికి ఏం దక్కింది. మొదటి సీనుకి నువ్వు ప్లాన్‌లో "తాతయ్య ఇంజన్ దగ్గరికి వెళ్తాడు" అని రాశావు. నేనైతే "పిల్లాడికి ఇంజన్ ఎక్కాలని ఉంది, నాన్న క్యారేజీ అందుకుని ఇంటికి పొమ్మంటాడు" అని రాస్తాను. అప్పుడు రెండో సీను దానంతటదే కదులుతుంది: అందుకని వాడు ఇంటికి పోడు. ఎక్కడికి పోతాడు? అదుగో, ఆ ప్రశ్న ఎడమవైపు రాసుకో. జవాబు తెలియకపోతే "ఇప్పుడే కాదు" అని రాసుకో. ముందున్న రెండు మూడు సీన్ల వరకే ఇలా చేసుకుని రాసుకుంటూ వెళ్ళు, అవి అయ్యాక మళ్ళీ కూర్చో. కొందరు ఆఖరి వాక్యం ముందు రాసుకుంటారు, జాన్ ఇర్వింగ్ అనే అమెరికన్ నవలాకారుడు అలాగే చేస్తాడు. నీకు ఆఖరి సీను తెలిస్తే రాసుకో, తెలియకపోతే దాని కోసం టెన్షన్ పడకు, పిల్లాడు ఇంకా ఎనిమిదేళ్ళ దగ్గరే ఉన్నాడు.

పిల్లలు పడుకున్నాక రాసేదానివి, గంట దొరికితే గొప్ప. ఆ గంటలో సగం, నిన్న ఎక్కడ ఆపాను అని వెతుక్కోవడానికే పోతుంది. హెమింగ్వే తర్వాత ఏం జరుగుతుందో తెలిసినచోటే ఆ రోజుకి ఆపేసేవాడినని చెప్పాడు. నువ్వు కూడా లేచే ముందు రేపటి సీను గురించి రెండు ముక్కలు రాసి పెట్టుకో. పొద్దంతా రాసుకునే తీరిక ఉన్నవాళ్ళు ఏమన్నా చెబుతారు, తీరిక లేనివాళ్ళకి ఈ మాత్రం ప్లాన్ లేకపోతే పని జరగదు.

ఇంక నువ్వు అడిగిన రకం. ఒక్క విషయంలో మాత్రం మనుషులు నిజంగా వేరు వేరు అని నాకు అనిపిస్తుంది. కొందరికి కథ పదిమందికి చెప్పుకుంటే ఇంకా ఉత్సాహం వస్తుంది. కొందరికి ఒకసారి చెప్పేస్తే చాలు, ఆకలి తీరిపోతుంది, ఇక రాయాలనిపించదు. నీ ఉత్తరం బట్టి చూస్తే నువ్వు రెండోదానివి, గ్రూపులో అందరూ బాగుందన్నాకే కదా నీకు మనసు విరిగింది. చిత్తుప్రతి ఆఖరి దాకా వచ్చేవరకూ ఎవరికీ కథ చెప్పకు, మీ ఆయనకి కూడా. రచయితనేనా అని మాత్రం నన్నడగకు, ఆ క్యారేజీ మూత రాసిన మనిషికి నేను జవాబు చెప్పక్కర్లేదు.

క్లాసు రెండో విడతకి కట్టకు. ఆ డబ్బులో కాస్తంత పెట్టి ఒకరోజు శ్రీకాకుళం వెళ్ళిరా, మీకు పెద్ద దూరం కాదు. కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది అక్కడ, తెలుగు కథలు వేలకొద్దీ, పాత పత్రికలతో సహా, ఒక్కచోట. ముందు ఫోన్ చేసి తెరిచి ఉంటారో లేదో కనుక్కో. పిల్లల కంటితో పెద్దవాళ్ళ లోకం చూసే కథలు ఉంటే ఇమ్మని అడుగు, కూర్చుని చదువు, ఆ పిల్లాడికి ఎంతవరకు తెలుసు, రచయిత ఎక్కడ దాచాడు అన్నది మాత్రం చూసుకో. వచ్చాక రెండో సీను రాసి పంపు. ప్లాన్ పంపకు.